వెలివేసినవాళ్ళకి పీట వేసిన వేళ

మనవాళ్ళకి ఒక చక్కటి మాట ఉంది — సంభావన. హరికథ చెప్పిన దాసుగారికి మనం జీతం ఇవ్వం. కూలి అసలే ఇవ్వం. తాంబూలంలో పెట్టి సంభావన ఇచ్చుకుంటాం. ఇచ్చేవీ రూపాయలే, పుచ్చుకునేవీ రూపాయలే. కాని మాట మారేసరికి ఇచ్చినవాడికీ మర్యాద, పుచ్చుకున్నవాడికీ మర్యాద. దాసుగారింట్లో పొయ్యి వెలుగుతుంది, కథకి మైల అంటదు.

ఇంగ్లీషువాళ్ళకి ఇటువంటి మాట ఒకటి లేకపోవడంవల్ల టెన్నిస్ ఆట నలభై ఏళ్ళపైచిలుకు నానా అవస్థా పడింది. వాళ్ళ దగ్గర ఉన్నవి రెండే మాటలు. ఒకటి అమెచ్యూర్, రెండు ప్రొఫెషనల్. ఆటమీద ప్రేమతో ఆడేవాడు అమెచ్యూర్. డబ్బు పుచ్చుకుని ఆడేవాడు ప్రొఫెషనల్. మొదటివాడు పెద్దమనిషి, రెండోవాడు పనివాడు. మొదటివాడికి ముందు గుమ్మం, రెండోవాడికి పెరటి గుమ్మం. డబ్బు పుచ్చుకునేవాడికి ఆటమీద ప్రేమ ఉండకూడదా, ప్రేమతో ఆడేవాడికి ఆకలి వెయ్యకూడదా అని ఎవరైనా అడిగితే, అది సంప్రదాయం నాయనా, అడక్కూడదు అనేవారు పెద్దలు.

మన సాహిత్యంలోనూ ఇద్దరున్నారు కదా! రాజులకి అంకితమివ్వను, హలం పట్టుకుని బతుకుతానన్న పోతనగారు ఒకవైపు. రాజాస్థానాల్లో కనకాభిషేకాలు చేయించుకున్న శ్రీనాథుడు ఒకవైపు. ఇద్దరూ బావమరుదులని కథలు కూడా చెప్పుకుంటాం. కాని శ్రీనాథుడు డబ్బు పుచ్చుకున్నాడు గనక అతని పద్యం చదవకూడదనిగాని, అతన్ని పోతనగారి పంక్తిలో కూర్చోబెట్టకూడదనిగాని మన పెద్దలు ఎవరూ తీర్మానం చెయ్యలేదు. టెన్నిస్ పెద్దలు సరిగ్గా ఆ తీర్మానమే చేశారు. డబ్బు పుచ్చుకుని ఆడినవాడికి వింబుల్డన్‌లో ప్రవేశం లేదు. పారిస్‌లో లేదు, ఫారెస్ట్ హిల్స్‌లో లేదు, ఆస్ట్రేలియా పోటీల్లో లేదు. దేశం తరపున డేవిస్ కప్ ఆడే అర్హత కూడా పోయినట్టే. మన పల్లెల్లో పాతరోజుల్లో దీన్ని వెలి అనేవారు. నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు.

ఈ వెలి కథ 1926లో మొదలయిందనుకోవచ్చు. ఆ సంవత్సరం పైల్ అనే అమెరికన్ వ్యాపారి, వింబుల్డన్‌ని ఆరుసార్లు గెలిచిన ఫ్రెంచి మహారాణి సుజాన్ లాంగ్లెన్‌ని డబ్బిచ్చి తీసుకెళ్ళి ఊరూరా ప్రదర్శన మ్యాచిలు ఆడించాడు. ఆవిడ వెనకాలే 1930 చివర్లో అమెరికాకి చెందిన బిల్ టిల్డెన్ వెళ్ళాడు. తర్వాత 1934, 35, 36ల్లో వరసగా మూడుసార్లు వింబుల్డన్ గెలిచిన ఇంగ్లీషువాడు ఫ్రెడ్ పెర్రీ వెళ్ళాడు. ఈ పెర్రీ తండ్రి లేబర్ పార్టీ తరపున పార్లమెంటు సభ్యుడు, కింది తరగతిలోంచి పైకొచ్చిన మనిషి. కొడుకు గెలవడం క్లబ్బులోని దొరలకి అంతగా రుచించలేదు. 1934లో తను గెలిచిన రోజున క్లబ్బు సభ్యత్వపు టైని చేతికివ్వకుండా డ్రెస్సింగు గదిలో కుర్చీమీద వదిలేసి పోయారని పెర్రీయే తర్వాత చెప్పుకున్నాడు. ప్రొఫెషనల్ అయ్యాక ఆ సభ్యత్వం కూడా ఊడింది. వాళ్ళ దేశానికి వరసగా మూడు కప్పులు తెచ్చినవాడికి ఆ క్లబ్బు గేటు దగ్గర జరిగిన సన్మానం అది.

సరే, మరి లోపల ఉన్న పెద్దమనుషులు గాలి భోంచేసి ఆడారా అంటే, అదీ లేదు. అమెచ్యూర్ ఆటగాడికి రానుపోను ఖర్చులు ఇవ్వొచ్చునన్నారు. ఆ 'ఖర్చులు' అనే మాట రబ్బరులాంటిది, ఎంత లాగితే అంత సాగుతుంది. పేరున్న ఆటగాడు మా ఊరి పోటీకి వస్తే టిక్కెట్లు అమ్ముడవుతాయి గనక, నిర్వాహకులు కవరులో పెట్టి చేతికిచ్చేవారు. వచ్చేది ఒక రైల్లో, పుచ్చుకునేది నాలుగు రైళ్ళ చార్జీ. రాకెట్లు చేసే కంపెనీలు పేరుకి ఉద్యోగాలిచ్చేవి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుగా అందరికీ తెలిసి, ఎవరికీ తెలియనట్టు నడిచే వ్యవహారం. బల్లకింద పుచ్చుకుంటే పెద్దమనిషి, బల్లమీద పుచ్చుకుంటే వెలి! పుచ్చుకోవడం తప్పు కాదన్నమాట, రసీదు ఇవ్వడమే తప్పు.

బల్లమీద పుచ్చుకున్నవాళ్ళ బతుకు ఎల్లా ఉండేదో కూడా చూడండి. మన సురభి నాటక సమాజాలవాళ్ళు తెరలూ, రంగస్థలం సామానూ, పిల్లాజెల్లాతో సహా ఊరూరా తిరిగేవారు కదూ — అదే బతుకు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళు తమ కోర్టుని తామే మోసుకెళ్ళేవారు. పెద్ద కాన్వాసు పట్టా మీద గీతలు గీసి చుట్టలా చుట్టి బండిలో వేసుకోవడం, రాత్రంతా ప్రయాణం చెయ్యడం, తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో చెక్క నేలమీదో, ఐస్ మీద జారే ఆటలాడే హాల్లోనో ఆ పట్టా పరవడం, సాయంత్రం ఆడటం. గెలిస్తే కప్పుల్లేవు. పేపర్లలో మూల ఎక్కడో నాలుగు లైన్లు. మర్నాడు మళ్ళీ అదే ఇద్దరూ, అదే పట్టా, వేరే ఊరు. రిచర్డ్ 'పాంచో' గొంజాలెస్ 1949లో 21 ఏళ్ళ వయస్సులో ప్రొఫెషనల్ అయి, అప్పటి మేటి ఆటగాడు జాక్ క్రేమర్‌తో ఊరూరా ఆడితే లెక్క 96–27గా తేలింది, క్రేమర్ పక్షాన. అంటే ఒక్క ప్రత్యర్థితోనే 123 మ్యాచిలు! అంతసేపు ఒకే మనిషితో పోట్లాడటం పెళ్ళయినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు.

అసలు మెలిక ఇక్కడుంది. వెలివాళ్ళ ఆట ఇంటివాళ్ళ ఆటకన్నా తక్కువదైతే ఈ కట్టుబాటు ఇంకో వందేళ్ళు నడిచిపోయేదేమో. కాని వ్యవహారం తలకిందులుగా ఉండేది. అమెచ్యూర్లలో ఎవడు బాగా ఆడితే వాణ్ణి ప్రొఫెషనల్ ముఠావాళ్ళు ఎత్తుకుపోయేవారు. దాంతో మేటివాళ్ళందరూ బయట, తర్వాతివాళ్ళు లోపల. 1962లో ఆస్ట్రేలియాకి చెందిన రాడ్ లేవర్ ఒకే సంవత్సరంలో నాలుగు పెద్ద పోటీలూ గెలిచి గ్రాండ్ స్లామ్ సాధించాడు. లోకం ముక్కుమీద వేలేసుకుంది. 1963 మొదట్లో అతను ప్రొఫెషనల్ అయ్యాడు. అక్కడ కెన్ రోజ్‌వాల్, లూ హోడ్ కాచుకుని కూర్చున్నారు. మొదటి 21 మ్యాచిల్లో 19 ఓడిపోయాడు మన గ్రాండ్ స్లామ్ వీరుడు! లోకమంతా గెలిచొచ్చినవాడు వెలివాడలో అడుగు పెట్టేసరికి మళ్ళీ ఓనమాలు దిద్దాల్సివచ్చింది. అతను దిద్దాడు. రెండు మూడేళ్ళలో అందర్నీ దాటేశాడు. కాని ఆ సంగతి ఎంతమందికి తెలుసు? వింబుల్డన్ ఛాంపియన్ ఎవరయ్యా అంటే లోకం ఇంకో పేరు చెప్పేది.

ఈ పరిస్థితి మార్చాలని కొంతమంది పెద్దలే ప్రయత్నించారు. 1960లో పారిస్‌లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య సమావేశంలో, కొన్ని పోటీల్లోనైనా ఇద్దర్నీ కలిపి ఆడిద్దామని తీర్మానం పెట్టారు. మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. సరిగ్గా 5 ఓట్లు తక్కువై వీగిపోయింది. ఆ 5 ఓట్ల ఖరీదు ఎనిమిదేళ్ళు. ఆటగాడి జీవితంలో ఎనిమిదేళ్ళంటే మామూలు మనిషికి పాతికేళ్ళ సర్వీసు.

ఇంతలో కథలోకి టెలివిజన్ వచ్చింది.

1967 జూలై 1న బి.బి.సి. రెండో ఛానల్ రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది. మొదలుపెట్టింది ఎక్కణ్ణుంచీ అంటే, వింబుల్డన్ నుంచే. పచ్చటి గడ్డి, తెల్లటి బట్టలు — రంగుల బొమ్మ గొప్పతనం చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఏడాది పురుషుల సింగిల్స్ ఫైనల్లో జాన్ న్యూకూంబ్, జర్మనీకి చెందిన బుంగర్ట్‌ని 6–3, 6–1, 6–1తో ఓడించాడు. న్యూకూంబ్ మంచి ఆటగాడే, ఆ తర్వాత ఋజువు చేసుకున్నాడు కూడా. కాని ఫైనల్ మటుకు పెళ్ళివారికి వడ్డన పూర్తికాకముందే విస్తళ్ళు ఎత్తేసినట్టు ముగిసింది.

ఆల్ ఇంగ్లండ్ క్లబ్బు అధ్యక్షుడు అప్పట్లో హెర్మన్ డేవిడ్. ఆయన ఈ అమెచ్యూర్ వ్యవహారం అంతా ఒక నడుస్తున్న అబద్ధమని బాహాటంగా అన్న మనిషి. లోపలి పెద్దమనిషే ఆ మాట అనడం చిన్న విషయం కాదు. బి.బి.సి.కి రంగుల్లో చూపించడానికి మంచి ఆట కావాలి. డేవిడ్‌గారికి, జనం ఎవర్ని చూడ్డానికొస్తారో తేల్చుకోవాలని ఉంది. రెండు అవసరాలూ కలిశాయి. ఆగస్టు నెలలో, అసలు పోటీలు అయిపోయిన ఏడు వారాలకి, అదే సెంటర్ కోర్టు మీద, ప్రొఫెషనల్స్‌కి మాత్రమే ఒక పోటీ పెట్టారు. ఖర్చు బి.బి.సి.ది, గడ్డి వింబుల్డన్‌ది. ఆగస్టు 25న మొదలై 28న ముగిసింది. పిలుపు అందుకున్నవాళ్ళు ఎనిమిదిమంది.

ఆ ఎనిమిదిమందినీ ఒకసారి పలకరిద్దాం. ఆస్ట్రేలియా నుంచి నలుగురు: రాడ్ లేవర్, కెన్ రోజ్‌వాల్, లూ హోడ్, ఫ్రెడ్ స్టోలీ. అమెరికా నుంచి ముగ్గురు: పాంచో గొంజాలెస్, డెనిస్ రాల్స్టన్, బుచ్ బుఖోల్జ్. స్పెయిన్ నుంచి ఆంద్రెస్ జిమెనో. వీళ్ళలో స్టోలీ 1963, 64, 65ల్లో వరసగా మూడు వింబుల్డన్ ఫైనల్స్ ఓడినవాడు. రాల్స్టన్ 1966 ఫైనల్ ఓడినవాడు. వీళ్ళిద్దరూ నిన్నమొన్న ఊరు విడిచినవాళ్ళు. తక్కినవాళ్ళ సంగతి వేరు. లేవర్‌కి ఐదేళ్ళు, హోడ్‌కి పదేళ్ళు, రోజ్‌వాల్‌కి పదకొండేళ్ళు అయింది ఆ గడ్డిమీద కాలుపెట్టి.

గొంజాలెస్‌కి పద్దెనిమిదేళ్ళు.

ఈ గొంజాలెస్ కథ చెప్పుకోకుండా ముందుకి పోకూడదు. లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డ మెక్సికన్ కుటుంబం. పన్నెండేళ్ళ వయస్సులో తల్లి 51 సెంట్లు పెట్టి ఒక రాకెట్టు కొనిపెట్టింది. గురువు లేడు, చూసి నేర్చుకున్నాడు. 1948, 49ల్లో అమెరికా ఛాంపియన్. ఆ 1949లోనే వింబుల్డన్‌లో సింగిల్స్ నాలుగో రౌండులో ఓడి, ఫ్రాంక్ పార్కర్‌తో కలిసి డబుల్స్ కప్పు గెలిచాడు. ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ తర్వాత అమెరికా ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్‌ని ఎనిమిదిసార్లు గెలిచాడు. 1950లు నడిచినంతకాలం ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు అతనేనని తెలిసినవాళ్ళు చెప్పుకునేవారు. ఆ ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి ప్రపంచంలోకెల్లా గొప్ప కోర్టులో చోటు లేదు. 21 ఏళ్ళ కుర్రాడుగా గేటు దాటి వెళ్ళినవాడు, 39 ఏళ్ళ వయస్సులో చెంపలు నెరిసి తిరిగొచ్చాడు.

వచ్చీరాగానే ఎదురుపడింది ఎవరనుకున్నారు? లూ హోడ్. 1956, 57ల్లో వింబుల్డన్ గెలిచినవాడు. 57 ఫైనల్లో ఆష్లీ కూపర్‌ని ఐదు గేములు మాత్రం ఇచ్చి ఊడ్చేసి, ఆ వెంటనే ప్రొఫెషనల్ అయిపోయినవాడు. ఆ మర్నాటేడు ఇతనూ గొంజాలెస్సూ ఊరూరా తిరుగుతూ ఆడితే గొంజాలెస్ 51–36తో నెగ్గాడు. తర్వాత హోడ్‌ని నడుమునొప్పి తినేసింది. మనిషికి 32 ఏళ్ళే గాని, వెన్నుకి అరవై. ఇద్దరూ తమ మంచిరోజులు ఎవరూ చూడని ఊళ్ళల్లో కాన్వాసు పట్టాలమీద ఖర్చుపెట్టేసి, మిగిలిన చిల్లర పట్టుకుని సెంటర్ కోర్టుకి వచ్చినవాళ్ళే.

మొదటి రౌండు మ్యాచిలు మూడు సెట్లవి. మొదటి సెట్ గొంజాలెస్ 6–3తో గెలిచాడు. రెండోది 11–9తో హోడ్‌ది. మూడోది 8–6తో హోడ్‌దే. ఆ రోజుల్లో టైబ్రేకర్ అనే సదుపాయం లేదని గుర్తుంచుకోండి. 6–6 అయితే ఎవడో ఒకడు రెండు గేముల ఆధిక్యం సంపాదించేదాకా సాగుతూనే ఉంటుంది, మన ఊళ్ళల్లో గట్టు తగాదాలాగ. 39 ఏళ్ళవాడూ, నడుం విరిగినవాడూ కలిసి 43 గేములు ఆడారు. గొంజాలెస్ ఓడిపోయాడు. కాని డబుల్స్‌లో జిమెనోతో కలిసి లేవర్, స్టోలీల జంటని ఫైనల్లో ఓడించాడు. 1949లో వెళ్ళేముందు డబుల్స్ గెలిచి వెళ్ళినవాడు, 1967లో వచ్చి మళ్ళీ డబుల్స్ గెలిచాడు. మధ్యన ఉన్న పద్దెనిమిదేళ్ళూ ఎవరు తిరిగిస్తారు?

సెమీఫైనల్స్‌లో లేవర్ జిమెనోని, రోజ్‌వాల్ హోడ్‌ని ఓడించారు. ఆగస్టు 28న ఫైనల్. ఇద్దరూ ఆస్ట్రేలియన్లే. ఇద్దరూ పొట్టివాళ్ళే. లేవర్ క్వీన్స్‌లాండ్‌లోని రాక్‌హాంప్టన్ వాడు. ఎర్రజుట్టు, మొహంనిండా మచ్చలు, ఎడమచేతి వాటం, ఆ ఎడమచెయ్యి మాత్రం కుడిచేతికి అన్నగారిలా ఉండేది. చిన్నప్పుడు చురుకు తక్కువని గురువు హాప్‌మన్ వెక్కిరింతగా 'రాకెట్' అని పేరుపెడితే, అది చివరికి నిజమై కూర్చుంది. రోజ్‌వాల్ సిడ్నీలో కిరాణాకొట్టు నడిపేవాళ్ళ అబ్బాయి. కండలేమీ కనిపించవు గనక స్నేహితులు 'మజిల్స్' అని పిలిచేవారు. సర్వీసు సామాన్యం. కాని బాక్‌హాండ్ మటుకు దర్జీ కత్తెర గుడ్డమీద నడిచినట్టు నడిచేది. చప్పుడుండదు, చూసేసరికి ముక్క తెగిపోయి ఉంటుంది. వీళ్ళిద్దరూ అప్పటికి నాలుగేళ్ళపైగా ఒకళ్ళనొకళ్ళు లెక్కలేనన్నిసార్లు ఎదుర్కొన్నవాళ్ళు. ఎదటివాడు బంతి కొట్టకముందే అది ఎక్కడ పడుతుందో తెలిసినవాళ్ళు.

మొదటి సెట్ 6–2, రెండో సెట్ 6–2, రెండూ లేవర్‌వి. ఇంకేముంది, ఇదీ జూలై ఫైనల్‌లాగే తేలిపోతుందనిపించే ఘట్టం. అక్కడ రోజ్‌వాల్ కాలు నిలదొక్కుకున్నాడు. మూడో సెట్ 6–6 దాటింది, 8–8 దాటింది, 10–10 దాకా పోయింది. చివరికి 12–10తో లేవర్ గెలిచాడు. ఆ ఒక్క సెట్లో 22 గేములు. ముందు రెండు సెట్లూ కలిపినా 16 గేములే. బహుమతి 3,000 పౌన్లు. ఆనాటి మారకం ప్రకారం మన లెక్కలో 63 వేల రూపాయలు. బల్లమీద పెట్టి, అందరూ చూస్తూండగా ఇచ్చారు. ఆకాశం విరిగిపడలేదు, గడ్డి ఎండిపోలేదు. సెంటర్ కోర్టులో జనం నిండుగా ఉన్నారు, ఇళ్ళలో రంగుల పెట్టెలముందు ఇంకొంతమంది ఉన్నారు. అందరూ చూసిందేమిటంటే, జూలైలో చూసిన ఆటకన్నా ఆగస్టులో చూసిన ఆట గొప్పది. దాంతో నలభై ఏళ్ళ వాదన ముగిసింది.

ఆ తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. ఒకవైపు, అమెరికాలో డేవ్ డిక్సన్, లామార్ హంట్ అనే ఇద్దరు కొత్త ప్రొఫెషనల్ బృందం కట్టి న్యూకూంబ్, రోచ్ మొదలైన ఎనిమిదిమందిని లాగేసుకున్నారు. అంటే అమెచ్యూర్ ఇంట్లో మిగిలిన వెండిసామాను కూడా పోయిందన్నమాట. రెండోవైపు, ఆ డిసెంబరులో బ్రిటిష్ టెన్నిస్ సంఘం సమావేశమై అమెచ్యూర్, ప్రొఫెషనల్ భేదాన్ని తీసిపారేస్తూ తీర్మానించింది. అనుకూలం 295, వ్యతిరేకం 5. ఏడేళ్ళక్రితం 5 ఓట్లు తక్కువైన చోట ఇప్పుడు మిగిలిన వ్యతిరేకులు అయిదుగురే! అంతర్జాతీయ సమాఖ్య కళ్ళెర్రజేసింది, బ్రిటన్‌నే వెలివేస్తామంది. కాని వింబుల్డన్‌ని వెలివేస్తే వెలివేసినవాళ్ళే బయట మిగులుతారని త్వరలోనే తెలిసొచ్చింది. 1968 మార్చి 30న పారిస్‌లో సమాఖ్య దిగివచ్చి, ఆ ఏడాదికి 12 పోటీల్లో అందరూ కలిసి ఆడొచ్చునంది. ఏప్రిల్ 22న ఇంగ్లండ్ దక్షిణ తీరాన బోర్న్‌మత్ ఊళ్ళో మొదటి ఓపెన్ పోటీ మొదలైంది. ఆ పోటీలో మార్క్ కాక్స్ అనే ఇంగ్లీషు అమెచ్యూర్ సాక్షాత్తూ గొంజాలెస్‌ని ఓడించి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. కప్పు రోజ్‌వాల్ గెలిచాడు, ఫైనల్లో లేవర్ మీద. 1968 వింబుల్డన్ మళ్ళీ లేవర్‌దే. దానికి బహుమతి 2,000 పౌన్లు. అంటే పది నెలల క్రితం వెలివాళ్ళ పోటీలో ఇచ్చినదానికన్నా వెయ్యి తక్కువ.

ఈ విందులో ఇంకో పంక్తికి అసలు విస్తరే వెయ్యలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1967 ఆగస్టు పోటీలో ఆడవాళ్ళ సింగిల్స్ లేదు. డబ్బుకోసం ఆడటానికి మొదట ఊరు విడిచిన ప్రముఖురాలు ఒక స్త్రీ అయినా, తిరిగి ఊళ్ళోకి పిలిచినప్పుడు పిలుపు మగవాళ్ళకే వచ్చింది. 1968లో బిల్లీ జీన్ కింగ్ వింబుల్డన్ గెలిస్తే చేతికి 750 పౌన్లు ఇచ్చారు. వింబుల్డన్‌లో ఆడా మగా సమానంగా బహుమతి పుచ్చుకోవడానికి 2007 దాకా ఆగాల్సివచ్చింది. ఒక అన్యాయం తీరిన చోటే ఇంకొకటి కనబడటం లోకసహజం.

మనదేశానికి ఈ కథతో ఉన్న సంబంధం మద్రాసు ఆటగాడు రామనాథన్ కృష్ణన్. 1959 డేవిస్ కప్‌లో ఇదే లేవర్‌ని ఓడించినవాడు. 1960లోనూ 61లోనూ వింబుల్డన్ సెమీఫైనల్స్ చేరినవాడు. 61 సెమీఫైనల్లో అతన్ని ఓడించిందీ లేవరే. జాక్ క్రేమర్ ఇతనికీ కబురు పెట్టాడు, పెద్ద మొత్తమే చూపించాడు. కృష్ణన్ వద్దన్నాడు. ప్రొఫెషనల్ అయితే ఇండియా తరపున డేవిస్ కప్ ఆడటానికి ఉండదు. 1966లో బ్రెజిల్‌ని కలకత్తాలో ఓడించి మనదేశం మొట్టమొదటిసారి డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్ళిందంటే, ఆ వద్దన్న మాట చలవే. మెల్‌బోర్న్‌లో 4–1తో ఓడిపోయాం. గెలిచిన ఆ ఒక్క డబుల్స్ మ్యాచి కృష్ణన్, జయదీప్ ముఖర్జీలు న్యూకూంబ్, రోచ్‌ల మీద గెలిచింది. చూశారా, కృష్ణన్ వద్దనడం గొప్పతనమే, లేవర్ సరేననడం తప్పు కాదు. ఇద్దరూ ఆటని ప్రేమించినవాళ్ళే. తప్పల్లా మనిషిని దేశమా, జీతమా అని నిలబెట్టి అడిగిన కట్టుబాటుది. ఆ రెండూ ఒక చేత్తో పట్టుకోకూడదని శాస్త్రం ఎక్కడా లేదు. తర్వాతి తరాలవాళ్ళు రెండూ పట్టుకున్నారు, ఎవరూ మైలపడలేదు.

పాత కట్టుబాటు పోతూ పోతూ చివరగా ఒక వేళాకోళం కూడా ఆడి వెళ్ళింది. 1968 అమెరికా ఓపెన్ గెలిచిన ఆర్థర్ ఆష్ అప్పటికింకా అమెచ్యూర్. అందుచేత గెలిచినవాడికి రోజుబత్తెం 20 డాలర్లు, ఫైనల్లో ఓడిన టామ్ ఓకర్‌కి 14,000 డాలర్లు!

తర్వాత ఎవరి దారి వాళ్ళది. లేవర్ 1969లో రెండోసారి గ్రాండ్ స్లామ్ సాధించాడు. రెండు గ్రాండ్ స్లామ్‌లకీ మధ్యన అతనికి దూరమైన పెద్దపోటీలు, 1963 నుంచి 1968 మొదటిదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటే ఇరవై పైచిలుకు. గొంజాలెస్ 1969 వింబుల్డన్‌లో 41 ఏళ్ళ వయస్సులో చార్లీ పాసరెల్ అనే కుర్రాడితో 112 గేములు, 5 గంటల 12 నిమిషాలు ఆడి, మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని కూడా గెలిచాడు. ఆ మొదటి సెట్ స్కోరు 22–24. యౌవనంలో తనకి దక్కనిదంతా ఆ రెండు రోజుల్లో వడ్డీతో వసూలు చేసుకుందామన్నట్టు ఆడాడు. ఫ్రెడ్ పెర్రీకి 1984లో అదే వింబుల్డన్ ఆవరణలో కంచువిగ్రహం పెట్టారు. చేతికి టై ఇవ్వని చోటే విగ్రహం లేచింది. మధ్యన సరిగ్గా యాభై ఏళ్ళు.

రోజ్‌వాల్ సంగతి చెప్పి ముగిస్తాను. 1954, 56 ఫైనల్స్‌లో ఓడాక అతను ప్రొఫెషనల్ అయ్యాడు. 22 ఏళ్ళ నుంచి 33 ఏళ్ళ దాకా, ఆటగాడికి ఒంట్లో సత్తువా తలలో తెలివీ కలిసి ఉండే కాలమంతా గేటు బయటే గడిచింది. తిరిగొచ్చాక 1970లో న్యూకూంబ్ చేతిలో, 1974లో 39 ఏళ్ళ వయస్సులో జిమ్మీ కానర్స్ చేతిలో మళ్ళీ ఫైనల్స్ ఓడాడు. నాలుగు ఫైనల్స్, కప్పు లేదు. వింబుల్డన్ విజేతల జాబితాలో అతని పేరు మీరు ఎంత వెతికినా దొరకదు.

ఆ జాబితాలో 1967కి ఎదురుగా న్యూకూంబ్ పేరే ఉంటుంది, ఉండవలసిందీ అదే. ఆగస్టు పోటీని ఛాంపియన్‌షిప్ లెక్కలో వెయ్యలేదు. అది ఆ గడ్డిమీద ఒక్కసారే జరిగింది, మళ్ళీ జరగాల్సిన అవసరం లేకపోయింది. ఎనిమిదిమంది వచ్చారు, ఆడారు, డబ్బు పుచ్చుకుని వెళ్ళారు. ఇప్పుడు అక్కడ రాకెట్టు పట్టుకుని ఆడే ప్రతి కుర్రాడూ, ప్రతి పిల్లా తమ కష్టానికి ఫలితం తలెత్తుకుని పుచ్చుకుంటున్నారంటే, అది ఆ ఎనిమిదిమంది పెట్టిన సంభావనే.